గుర్తింపు వచ్చిన మరునాటి నుంచి

ఒక స్వచ్ఛంద సంస్థకు మన దగ్గర చాప్టర్, అంటే ఆ సంస్థ పేరుతో పనిచేసే స్థానిక సంఘం, ఏర్పడి, దానికి మాతృసంస్థ నుంచి అధికారికంగా గుర్తింపు వచ్చినప్పుడు అభినందనలు, బృంద ఛాయాచిత్రాలు, కొత్త కార్యవర్గం పేర్లు వరుసగా వెలువడతాయి. ఆ గుర్తింపుతో పాటు కార్యవర్గం నెత్తిన ఏయే పనులు వచ్చిపడ్డాయో చెప్పే ప్రకటనను మాత్రం నేను ఇంతవరకు చూడలేదు. తెలుగు వికీపీడియాలో రాసేవాడిగా నాకు ఆసక్తి కలిగించిన వికీమీడియా ఇండియా చాప్టర్ విషయంలో పుట్టుకనూ, గుర్తింపునూ, ఎనిమిదేళ్ళకు పైగా గడిచాక ఆ గుర్తింపు పోవడాన్నీ ఒకేసారి చూసే వీలుంది కాబట్టి, ఈ మాటలన్నీ దాని చుట్టూనే చెప్పదలచుకున్నాను.

వికీపీడియా 2001 జనవరి 15న మొదలైంది. దాన్ని నడిపే సర్వర్లకూ, పేరుకూ, చిహ్నాలకూ యజమాని అయిన వికీమీడియా ఫౌండేషన్ 2003 జూన్‌లో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో లాభాపేక్ష లేని సంస్థగా నమోదైంది. ఆ మరుసటి ఏడాది, 2004 జూన్ 13న, బెర్లిన్‌లో జర్మన్ వికీపీడియన్లు తమ దేశ చట్టం కింద వికీమీడియా డాయిష్‌లాండ్ అనే సంఘాన్ని స్థాపించుకున్నారు. చాప్టర్లలో అదే మొదటిది. ఫ్రాన్సు, ఇటలీ వంటి దేశాలు దాన్ని అనుసరించాయి. మొదటి నుంచీ ఈ చాప్టర్ల స్వరూపంలో ఒక విశేషం ఉంది. బ్యాంకుకు బ్రాంచి ఉన్నట్టుగా ఇవి ఫౌండేషన్‌కు శాఖలు కావు. ప్రతి చాప్టరూ తన దేశ చట్టం కింద పుట్టిన స్వతంత్ర సంస్థ. దాని సభ్యులు వేరు, ఎన్నికలు వేరు, ఖాతాలు వేరు, అప్పులు వేరు. ఫౌండేషన్ దానికి ఇచ్చేది ప్రధానంగా ఒక ఒప్పందం: వికీమీడియా అనే పేరునూ, చిహ్నాన్నీ ఫలానా దేశంలో, ఫలానా షరతులకు లోబడి వాడుకోవచ్చునన్న అనుమతి. అధికారిక గుర్తింపు అని మనం పిలుచుకునేదానిలో చట్టపరమైన సారం చాలావరకు ఆ అనుమతిలోనే ఉంది.

అందువల్ల చాప్టర్‌కు రెండు గుర్తింపులు కావాలి, రెండూ వేర్వేరు చోట్ల నుంచి రావాలి. మొదటిది ప్రభుత్వం ఇచ్చేది. మన దేశంలో సంఘాల నమోదుకు 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం మూలం కాగా, కర్ణాటకకు 1960లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 2001లో సొంత చట్టాలు వచ్చాయి. తెలంగాణ ఏర్పడ్డాక అక్కడ కూడా ఆ 2001 చట్టాన్నే అన్వయించుకున్నారు. ఏడుగురు కలిసి సంతకాలు చేసిన సంస్థాపన పత్రం, నియమావళి, కార్యాలయ చిరునామాకు ఆధారం, రుసుము ఉంటే రిజిస్ట్రార్ దగ్గర పని మొదలవుతుంది. జర్మనీ పౌర చట్టం కూడా నమోదు కోరే సంఘానికి ఏడుగురు సభ్యులనే అడగడం నాకు ముచ్చటగా తోచింది. రెండో గుర్తింపు ఫౌండేషన్ ఇచ్చేది. 2006 నుంచి ఆ పరిశీలనను స్వచ్ఛంద కార్యకర్తలతో కూడిన చాప్టర్ల కమిటీ చేసేది. 2012లో దాని పరిధి విస్తరించి అఫిలియేషన్స్ కమిటీ అయింది. నియమావళిలోని ఒక్కొక్క నిబంధననూ ఆ కమిటీ చదువుతుంది. సభ్యత్వం ఎవరికి తెరిచి ఉంది, కార్యవర్గాన్ని ఎవరు ఎన్నుకుంటారు, ఎవరు దించగలరు, సంస్థ మూతపడితే మిగిలిన ఆస్తి సభ్యుల జేబుల్లోకి పోకుండా ఇలాంటి లక్ష్యాలే ఉన్న మరో సంస్థకు చేరుతుందా అన్న ప్రశ్నలకు అందులో సమాధానం ఉండాలి. ఆ తరువాత కమిటీ సిఫారసు మీద ఫౌండేషన్ ధర్మకర్తల మండలి తీర్మానం చేస్తుంది.

ఇక్కడ చిక్కు ఏమిటంటే, ఒకే నియమావళి ఇద్దరినీ ఒప్పించాలి. మన రిజిస్ట్రార్ కార్యాలయానికి అలవాటైన నమూనా బైలాస్ ఒకటి ఉంటుంది, దానికి ఎంత దగ్గరగా ఉంటే కాగితం అంత త్వరగా కదులుతుంది. విదేశంలో ఉన్న కమిటీకి అలవాటైన నమూనా మరొకటి. ఒకరు సూచించిన మార్పు రెండోవారికి కొత్త సందేహాన్ని పుట్టిస్తే ముసాయిదా మళ్ళీ మొదటికి వస్తుంది. వికీమీడియా ఇండియా చర్చలు కొన్నేళ్ళ పాటు సాగి, చివరకు 2011 జనవరి 3న బెంగళూరులో, కర్ణాటక చట్టం కింద ఆ సంఘం నమోదైంది. ఆ నమోదులో దాని పేరు వికీమీడియా చాప్టర్ అని మాత్రమే ఉంటుంది. వికీమీడియా ఇండియా అన్నది వ్యవహారంలో వాడుకున్న పేరు. నమోదులో ఒక పేరు, జనం నోట మరో పేరు ఉన్న సంస్థ ఎక్కడికి వెళ్ళినా రెండూ ఒకటేనని ముందుగా వివరించుకోవలసి వస్తుంది. చెక్కు ఎవరి పేరిట రాయాలి, రసీదు మీద ఏ పేరు ఉంటుంది వంటి చిన్న ప్రశ్నలకు కూడా జవాబు సిద్ధంగా పెట్టుకోవాలి.

గుర్తింపు వచ్చాక జనం చాప్టర్ దగ్గరికి ఎక్కువగా తెచ్చే ఫిర్యాదు, దురదృష్టవశాత్తు, చాప్టర్ చేతిలో ఏమాత్రం లేని విషయం గురించే. ఫలానా వ్యాసంలో మా నాయకుడి గురించి తప్పు రాశారు, తీసివేయండి. ఫలానా ఊరి చరిత్రను వక్రీకరించారు, ఎవరు రాశారో చెప్పండి. మా సంస్థ పేజీని ఎందుకు తొలగించారు — ఇవన్నీ భారతదేశంలో వికీమీడియా పేరు పెట్టుకుని, చిరునామా, ఫోను నంబరు ఉన్న సంస్థ కనబడగానే అక్కడికే చేరతాయి. చాప్టర్‌కు వ్యాసాల మీద అధికారం లేదు. ఆ విషయం ఒప్పందంలోనే స్పష్టంగా ఉంటుంది, ఉండకపోతే ప్రమాదం కూడా. సమాచారం మీద తనకు అదుపు ఉందని ఒక సంస్థ ఒప్పుకున్న క్షణం నుంచి ఆ సమాచారానికి సంబంధించిన ప్రతి పరువునష్టం దావాలోనూ దాన్ని ప్రతివాదిగా నిలబెట్టవచ్చు.

ఇది ఊహించి చెబుతున్నది కాదు. 2008 నవంబరులో జర్మనీలో ఒక పార్లమెంటు సభ్యుడు తన గురించి వికీపీడియాలో వచ్చిన రాతలకు అభ్యంతరం చెబుతూ ల్యూబెక్ కోర్టుకు వెళ్ళాడు. వ్యాసం ఉన్నది అమెరికా సంస్థ నడిపే సర్వర్లలో. అయినా జర్మన్ చాప్టర్ చేతిలో వికీపీడియా డాట్ డీఈ అనే చిరునామా ఉండేది, అది పాఠకులను జర్మన్ వికీపీడియాకు దారి చూపించేది. ఆ దారి చూపించడాన్ని ఆపివేయాలని కోర్టు ఉత్తర్వు ఇచ్చింది. కొద్ది రోజుల్లోనే ఆ సభ్యుడు వెనక్కి తగ్గడంతో వ్యవహారం సద్దుమణిగింది గాని, వ్యాసంలో ఒక్క అక్షరం కూడా మార్చే అధికారం లేని సంఘం కోర్టు ఉత్తర్వును మోయవలసి వచ్చింది. 2024 జులైలో ఒక వార్తాసంస్థ ఢిల్లీ హైకోర్టులో వేసిన పరువునష్టం దావాలో ప్రతివాదులు ఫౌండేషన్, వికీపీడియాలో రాసే కొందరు వాడుకరులు. అప్పటికి మన దేశంలో గుర్తింపు ఉన్న చాప్టర్ లేదు. ఉండి ఉంటే ఆ కార్యవర్గంలోని స్వచ్ఛంద కార్యకర్తలు ఎన్ని నిద్రలేని రాత్రులు గడిపేవారో నేను ఊహించగలను.

బయటివారికి మరో అయోమయం కూడా ఉండేది. చాప్టర్ నమోదైన 2011లోనే ఫౌండేషన్ తన సొంత భారత కార్యక్రమాన్ని వేరుగా ప్రారంభించింది. ఆ ఏడాది పుణెలోని కళాశాలల్లో విద్యార్థుల చేత ఆంగ్ల వికీపీడియాలో రాయించే ప్రయోగం జరిగి, వాళ్ళు ఇతర చోట్ల నుంచి యథాతథంగా ఎత్తి రాసిన పాఠ్యం పెద్ద ఎత్తున చేరడంతో ఆ ప్రయోగాన్ని నిలిపివేయవలసి వచ్చింది. అది చాప్టర్ కార్యక్రమం కాదు. అయినా భారతదేశం, వికీమీడియా అన్న రెండు మాటలు ఒకే వాక్యంలో వచ్చినప్పుడు బయటివారు ఆ తేడాను ఎంతవరకు పట్టించుకుంటారు? 2012లో ఆ భారత కార్యక్రమం బెంగళూరుకు చెందిన సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీకి నిధులతో సహా బదిలీ అయి, తెలుగు కూడా అది ప్రత్యేకంగా పనిచేసే భాషల్లో ఒకటైంది. అంటే పేరు మీద అనుమతి ఉన్న సంస్థ ఒకటి, జీతాలిచ్చి మనుషులను పెట్టగలిగే నిధులు ఉన్న సంస్థ మరొకటి, వ్యాసాలు రాసే వాడుకరులు వేరొక చోట. ఈ మూడింటి మధ్య మనస్పర్థలు వచ్చాయంటే నాకు ఆశ్చర్యం లేదు. పని కొంతైనా జరిగిందంటేనే ఆశ్చర్యం.

ఇక డబ్బు సంగతికి వస్తాను, ఎందుకంటే గుర్తింపు గురించి మాట్లాడేటప్పుడు మనవాళ్ళు అన్నిటికంటే తక్కువగా మాట్లాడేది దాని గురించే. మాతృసంస్థ విదేశంలో ఉంది, దాని దగ్గర ప్రపంచం నలుమూలల నుంచి వచ్చిన విరాళాలు ఉన్నాయి, చాప్టర్‌కు గుర్తింపు ఇచ్చింది కాబట్టి నిధులు కూడా పంపుతుంది అని అనుకోవడం సహజం. భారతదేశంలో అది అంత సులువు కాదు. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం 1976లో వచ్చింది. దాని స్థానంలో తెచ్చిన 2010 చట్టం 2011 మే 1 నుంచి అమలైంది, అంటే చాప్టర్ నమోదైన నాలుగు నెలలకు. ఆ చట్టం కింద కేంద్ర హోం శాఖ దగ్గర నమోదు కాకుండా, లేదా ఫలానా దాత నుంచి ఫలానా మొత్తం తీసుకునేందుకు ముందస్తు అనుమతి పొందకుండా, ఏ సంఘమూ విదేశీ నిధులు తీసుకోకూడదు. నమోదుకు దరఖాస్తు చేయాలంటే సంఘం ఏర్పడి మూడేళ్ళు నిండి ఉండాలి, ఆ మూడేళ్ళలో తన లక్ష్యాల మీద కనీసం పది లక్షల రూపాయలు ఖర్చు చేసి ఉండాలి. 2020లో ఆ మొత్తాన్ని పదిహేను లక్షలకు పెంచారు.

కొత్తగా పుట్టిన, ఒక్క ఉద్యోగి కూడా లేని, సభ్యత్వ రుసుములే ఆధారమైన సంఘం మూడేళ్ళలో పది లక్షలు ఎక్కడి నుంచి తెచ్చి ఖర్చు చేస్తుందన్నది ఇందులో అసలు ప్రశ్న. వికీపీడియన్ల సమావేశాలు సాధారణంగా ఉచితంగా దొరికిన కళాశాల గదిలో, ఎవరి చాయ్ ఖర్చు వారు పెట్టుకుని జరుగుతాయి. పని ఎంత చౌకగా జరిగితే అంత గొప్ప అని మనం అనుకుంటాము, కాని చట్టం దృష్టిలో ఖర్చు లేని పనికి లెక్క లేదు. దేశంలోని దాతలను ఆశ్రయించాలంటే ఆదాయపు పన్ను చట్టం కింద సంస్థకు మినహాయింపు, దాతకు మినహాయింపు ఉండాలి. అవి రావాలంటే ఆడిట్ అయిన లెక్కలు, కార్యకలాపాల నివేదికలు ఉండాలి. ఇవన్నీ తయారు చేసే చార్టర్డ్ అకౌంటెంటుకు రుసుము ఇవ్వాలి. మాతృసంస్థ నుంచి డబ్బు రావడానికి ముందు చాప్టర్ తన కాళ్ళ మీద తాను మూడేళ్ళు నిలబడి చూపించాలన్నమాట. అంతకాలం నిలబడగలిగిన సంఘానికి మాతృసంస్థ డబ్బుతో అంత అవసరం ఉండదని ఎవరైనా అంటే నేను కాదనలేను.

2020 సవరణలు దీన్ని ఇంకా బిగించాయి. విదేశీ నిధులు ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాకే రావాలి. ఒక సంస్థ తీసుకున్న విదేశీ నిధిని మరో సంస్థకు బదిలీ చేయకూడదు. పరిపాలన ఖర్చుల పరిమితి యాభై శాతం నుంచి ఇరవై శాతానికి తగ్గింది. వీటిలో బదిలీ నిషేధం చిన్న సంఘాలకు అన్నిటికంటే పెద్ద దెబ్బ. అంతకు ముందు అనుమతి ఉన్న పెద్ద సంస్థ ఒకటి విదేశీ నిధిని తీసుకుని, అలాంటి అనుమతే ఉన్న చిన్న సంఘాలకు పంచే పద్ధతి ఉండేది. అది మూతపడ్డాక గుర్తింపు ఉన్న స్థానిక సంఘమైనా, గుర్తింపు లేని మిత్రబృందమైనా విదేశీ నిధుల విషయంలో ఇంచుమించు ఒకే స్థితిలో ఉన్నాయి.

మరి ఇన్ని కష్టాలున్నప్పుడు ఎవరైనా గుర్తింపును ఎందుకు కోరుకోవాలి? తెలుగు అనుభవంలోనే దానికి సమాధానం ఉంది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలై, మొదటి ఏడెనిమిదేళ్ళు ఏ సంస్థ అండా లేకుండా రచ్చబండ అనే దాని చర్చాపేజీలో జరిగే చర్చల మీద, వాడుకరుల పట్టుదల మీద నడిచింది. వ్యాసం రాయడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. ఒక రచయిత తన పుస్తకాన్ని ఎవరైనా వాడుకోగల స్వేచ్ఛా లైసెన్సుతో, వికీమీడియా వారి ఉచిత గ్రంథాలయమైన వికీసోర్సుకు ఇవ్వదలచుకుంటే ఆయన పంపే అనుమతి లేఖ చాలు. మధ్యలో చాప్టర్ ప్రమేయం లేదు. కాని ఒక కళాశాల ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళి, మీ విద్యార్థులకు ఏడాది పొడవునా శిక్షణ ఇస్తాము, మీ గ్రంథాలయంలోని పాత పుస్తకాలను స్కాన్ చేయనివ్వండి అని అడిగినప్పుడు ఆయన మొదట అడిగేది ఒప్పందం మీద అవతలి పక్షాన సంతకం ఎవరు చేస్తారని. వాడుకరి పేరుతో సంతకం చేస్తామంటే ఆయన పాలకమండలి నవ్వుతుంది. విజయవాడలోని ఆంధ్ర లయోలా కళాశాలతో తెలుగు వికీ పనికి అవగాహన ఒప్పందం కుదిరినప్పుడు రెండో పక్షం బెంగళూరు సంస్థ అయిన సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ. పని చేసినవాళ్ళలో తెలుగు వికీపీడియన్లు ఉన్నారు. చట్టం గుర్తించే వ్యక్తిత్వం ఉన్నది మాత్రం ఆ సంస్థకే.

చాప్టర్ కాలంలో తెలుగుకు జరిగిన మేలును కూడా తక్కువ చేయకూడదు. చాప్టర్ పరిధిలో తెలుగు కోసం ఒక ప్రత్యేక ఆసక్తి జట్టు ఏర్పడింది. 2013 ఉగాదికి హైదరాబాదులో తెలుగు వికీపీడియా మహోత్సవం జరిగింది. అంతవరకు తెర మీద పేర్లుగానే ఒకరికొకరు తెలిసిన వారిలో ఎంతోమంది అలాంటి సమావేశాల్లోనే ముఖాముఖి కలుసుకున్నారు. 2014 ఫిబ్రవరిలో విజయవాడలో జరిగిన దశాబ్ది ఉత్సవాల్లో కొమర్రాజు వెంకట లక్ష్మణరావు పేరిట వికీమీడియా పురస్కారాలు అందజేశారు. 1906లో విజ్ఞాన చంద్రికా మండలి స్థాపనకు కారకుడై, ఆ తరువాత ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం సంపుటాలకు సంపాదకత్వం వహించిన మనిషి పేరు ఆ పురస్కారానికి ఎంత తగినదో వేరే చెప్పనక్కరలేదు. అన్నట్టు, ఆయన కూడా చందాదారులను చేర్చడానికీ, ముద్రణ ఖర్చులు సమకూర్చడానికీ సంఘాన్ని నిర్మించుకున్నవాడే. పండితుడైనంత మాత్రాన కార్యదర్శి పనులను చిన్నచూపు చూడలేదు.

2012లో ఫౌండేషన్ కొత్త పద్ధతులు ప్రవేశపెట్టింది. దేశానికొక చాప్టర్ అన్న ఒకే నమూనా స్థానంలో మూడు రకాల అనుబంధ సంస్థలు వచ్చాయి. భౌగోళిక పరిధి ఉన్నవి చాప్టర్లు, విషయం లేదా భాష ఆధారంగా ఏర్పడినవి థీమాటిక్ సంస్థలు, ఈ రెండింటికంటే తేలికైనవి యూజర్ గ్రూపులు. యూజర్ గ్రూపుకు ప్రభుత్వ నమోదు తప్పనిసరి కాదు. అఫిలియేషన్స్ కమిటీయే నేరుగా గుర్తింపు ఇవ్వగలదు, ధర్మకర్తల మండలి తీర్మానం దాకా పోనక్కరలేదు. చిహ్నాన్ని వాడుకోవడానికి అనుమతి, ఏటా ఒక నివేదిక ఇవ్వవలసిన బాధ్యత — స్థూలంగా ఇంతే. 2014లో మండలి మరో నిర్ణయం తీసుకుంది: ఇకమీదట ఎవరైనా నేరుగా చాప్టర్ కావడానికి వీల్లేదు, ముందు యూజర్ గ్రూపుగా రెండేళ్ళు పనిచేసి చూపించాలి. ఈ నిర్ణయం పెత్తనంగా తోచి అప్పట్లో కొందరు విమర్శించారు. ఫౌండేషన్ చేసిన మంచి నిర్ణయాల్లో అది ఒకటని నా అభిప్రాయం. మన దేశంలో పంజాబీ, ఒడియా వికీపీడియన్లు, పశ్చిమ బెంగాల్ వారు ఈ యూజర్ గ్రూపు దారినే ఎంచుకున్నారు, వారి పని చాప్టర్ పనికి ఏమాత్రం తీసిపోలేదు. భాష ఒకటైనచోట, సభ్యులు ఒకరికొకరు ముందే తెలిసినచోట సంఘం నిలబడటం సులువు. ఇరవైకి పైగా భాషల వికీపీడియాలు ఉన్న దేశంలో బెంగళూరులో ఉన్న ఒక్క కార్యవర్గం అన్నిటికీ ప్రాతినిధ్యం వహించాలనడం మొదటి నుంచీ మోయలేని బరువే.

2019లో వికీమీడియా ఇండియా గుర్తింపును ఫౌండేషన్ ఉపసంహరించుకుంది; సెప్టెంబరు నుంచి ఆ సంఘం చాప్టర్‌గా చెల్లలేదు. నివేదికలు సమర్పించడంలోనూ, సంస్థాగతంగా పాటించవలసిన ప్రమాణాల్లోనూ చాలాకాలంగా ఒప్పందానికి తగినట్లు లేకపోవడం కారణంగా చెప్పారు. ఎవరో డబ్బు కాజేశారనో, ఎవరి మీదో నేరారోపణ అనో ఆ ప్రకటనలో లేదు, దాన్ని అలా ప్రచారం చేసిన వాళ్ళు అన్యాయం చేశారు. చెప్పిన కారణం చాలా సాదాసీదాది. రాయవలసిన నివేదికలు సమయానికి రాయకపోవడం, నింపవలసిన ఖాళీలు నింపకపోవడం. మన ప్రాంతంలో నమోదైన సంఘాల్లో ఎన్ని ప్రతి ఏటా సర్వసభ్య సమావేశం జరిపి, కార్యవర్గం జాబితాను రిజిస్ట్రార్‌కు సమర్పిస్తున్నాయో ఎవరైనా లెక్క తీస్తే ఈ కారణం ఎంత సాధారణమైనదో అర్థమవుతుంది. ఇది భారతీయుల అలసత్వమని అనుకోవడానికి కూడా వీల్లేదు. 2013లో ప్రపంచ వికీమీడియా సమావేశమైన వికీమేనియాను విజయవంతంగా నిర్వహించిన హాంకాంగ్ చాప్టర్ కూడా 2017లో గుర్తింపును పోగొట్టుకుంది. వెయ్యిమంది వచ్చే ఉత్సవాన్ని నడిపే శక్తి వేరు, ఎవరూ చూడని నివేదికను ఏటా ఒకే తేదీకి పంపే ఓపిక వేరు. ఒకటి ఉన్నవాళ్ళలో రెండోది ఉంటుందని హామీ లేదు.

బ్రిటన్ అనుభవం దీనికి రెండో వైపు. అక్కడ మొదట నమోదైన సంస్థ నిలదొక్కుకోలేక మూతపడింది. 2008 నవంబరులో వేరే కార్యకర్తలు కొత్తగా కంపెనీని నమోదు చేసి, చాప్టర్ గుర్తింపు పొంది, ధార్మిక సంస్థ హోదా కోసం ప్రయత్నించి, తొలి తిరస్కరణ తరువాత 2011 నవంబరులో ఛారిటీ కమిషన్ నుంచి ఆ హోదాను సాధించారు. మొదటి సంస్థ మూతపడటం అక్కడి పనికి ముగింపు కాలేదు. జర్మన్ చాప్టర్ సంగతి సరేసరి. వికీపీడియాలన్నీ పంచుకునే సమాచార నిధి అయిన వికీడేటాను 2012లో నిర్మించి ప్రారంభించింది అదే, ఈనాడు లక్షకు పైగా సభ్యులు దానికి ఉన్నారు. అయితే జర్మనీతో పోల్చి మనల్ని మనం తిట్టుకోవడం అర్థం లేని పని. అక్కడ దేశంలోని దాతలే చాప్టర్‌ను పోషించగలరు, వికీపీడియా ప్రధానంగా ఒకే భాషలో ఉంది, సంఘాలకు సభ్యత్వ రుసుము కట్టడం అక్కడి మధ్యతరగతి జీవితంలో మామూలు విషయం.

గుర్తింపు పోయాక తెలుగు వికీపీడియాలో ఏం మారిందని మిత్రులు అడుగుతుంటారు. వ్యాసాల పని మీద దాని ప్రభావం దాదాపు లేదు, ఎందుకంటే ఆ పని ఏనాడూ చాప్టర్ మీద ఆధారపడలేదు. ఆసక్తి జట్టు కాలంలో తయారైన మనుషులు ఎక్కడికీ పోలేదు. హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ తెలుగు వికీ కోసం తనదైన ప్రాజెక్టును చేపట్టింది. 2023 ఏప్రిల్ చివర్లో దేశవ్యాప్త వికీ సమావేశానికి హైదరాబాదే వేదిక అయింది. అంతకు ముందువి 2011లో ముంబయిలో, 2016లో చండీగఢ్‌లో జరిగాయి. 2024 జనవరిలో విశాఖపట్నంలో తెలుగు వికీపీడియా ఇరవయ్యో వార్షికోత్సవం జరుపుకున్నారు. ఇవన్నీ జాతీయ చాప్టర్ లేని కాలంలోనే జరిగాయి. పోయినది మాత్రం ఒకటుంది. ఈ దేశంలో వికీమీడియా పక్షాన ప్రభుత్వ శాఖతోనో, రాష్ట్ర గ్రంథాలయంతోనో, విశ్వవిద్యాలయంతోనో సమాన స్థాయిలో కూర్చుని మాట్లాడగల, సభ్యులు ఎన్నుకున్న సంస్థ అంటూ లేకుండా పోయింది. ఉద్యోగులున్న సంస్థలు ఆ ఖాళీలో కొంత భాగాన్ని పూరించాయి గాని, వాటి నాయకత్వాన్ని వాడుకరులు ఎన్నుకోలేదు, దించలేరు. ఇది నాకు చిన్న నష్టంగా కనబడదు.

మన ఊళ్ళలో గ్రంథాలయ బృందాలు, పర్యావరణ బృందాలు, సాఫ్ట్‌వేర్ స్వేచ్ఛ కోసం పనిచేసే బృందాలు పెద్ద సంస్థల చాప్టర్లుగా గుర్తింపు కోరుతున్నప్పుడు నన్ను సలహా అడిగితే, దరఖాస్తు పూర్తి చేసే ముందు కాగితం మీద రాసుకోమని చెప్పేవి ఇవి. సంతకం అవసరమయ్యే పని మీకు నిజంగా ఉందా, ఉంటే అది ఏ కార్యాలయంతో? విదేశీ నిధి రాకపోయినా మొదటి మూడేళ్ళు నడపడానికి సభ్యత్వ రుసుములు సరిపోతాయా? మూడో ఏడాది నివేదికను ఎవరు రాస్తారు? ఈ చివరి ప్రశ్నకు మీ దగ్గర ఒక్క పేరే ఉంటే అప్పుడే తొందరపడవద్దు. ఆ మనిషికి ఉద్యోగం మారవచ్చు, పెళ్ళి కావచ్చు, అమెరికా వీసా రావచ్చు; మన స్వచ్ఛంద సంఘాల కార్యదర్శులు ఈ మూడు కారణాలతోనే ఎక్కువగా మాయమవుతారు. రెండు పేర్లున్నా, ఆ ఇద్దరిలో ఒకరికైనా జమాఖర్చుల పుస్తకం రాయడం ఇష్టమైన పని అయి ఉంటే, దరఖాస్తు పంపవచ్చు.

నియమావళి రాసేటప్పుడు కూడా ఒక జాగ్రత్త ఉంది. సంస్థ పేరులో మాతృసంస్థ పేరును ఇమిడ్చి నమోదు చేసుకుంటే, తరువాత గుర్తింపు పోయినప్పుడు ఆ పేరుతో బ్యాంకు ఖాతా, పాన్ కార్డు, పన్ను మినహాయింపు అన్నీ ముడిపడి ఉంటాయి; పేరు మార్చడానికి సర్వసభ్య సమావేశంలో తీర్మానం చేసి, రిజిస్ట్రార్ ఆమోదం పొంది, ఒక్కొక్క కార్యాలయంలోనూ దాన్ని మళ్ళీ సవరించుకోవాలి. సంఘానికి సొంత పేరు పెట్టుకుని, ఫలానా సంస్థ గుర్తింపు పొందిన చాప్టర్ అన్నది కింద రెండో వరుసలో రాసుకునే వీలును మాతృసంస్థ ఇస్తుందేమో ఒప్పందం మీద సంతకం పెట్టక ముందే అడగాలి. కొన్ని సంస్థలు ఒప్పుకోవు, పేరు అందరికీ కనబడాలన్నదే వాటి పట్టుదల. అలాంటప్పుడు కనీసం పేరు మార్పుకు కావలసిన తీర్మానం ఎంత మెజారిటీతో చేయాలో, ఎన్ని రోజుల ముందు నోటీసు ఇవ్వాలో నియమావళిలో ముందే రాసి పెట్టుకోవడం మంచిది.